పదహారు పెట్టెలు

మొన్న సోమవారం పొద్దున్నే గుడివాడ నుంచి మాస్టారి అల్లుడు ఫోన్ చేశాడు. మావయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారనీ, సాయంత్రం నాలుగింటికి భూస్థాపన అనీ, ఊళ్ళో అమ్మే రెడీమేడ్ పెట్టెలు మరీ నాసిగా ఉన్నాయనీ, మీ చేత్తో చేసిన పెట్టె అయితే బాగుంటుందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారనీ చెప్పాడు. నా దగ్గర ప్లైవుడ్ లేదన్నాను. అప్పుడు నా వెనక గోడకి ఆనించి మూడు షీట్లు ఉన్నాయి. మంచి సరుకు, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం. మధ్యాహ్నానికల్లా పెట్టె బిగించి బందరు నుంచి ఆటోలో పంపగలిగేవాణ్ణి. పంపలేదు. నేనూ వెళ్ళలేదు. మా ఆవిడ తెల్లచీర కట్టుకుని వెళ్ళొచ్చింది. పెట్టె మూత సరిగ్గా కూర్చోలేదనీ, ఒక పక్క మేకు బయటికి పొడుచుకొచ్చిందనీ చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఆ మనిషి బతికుండగా అలాంటి పెట్టె కంటపడితే, చేసినవాణ్ణి పిలిపించి వాడి చేతే పగలగొట్టించేవాడు.

పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని మా ఆవిడ అంటుంది. చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, సమాధి దగ్గర చెప్పారట కూడా. నాకు ఆయనతో ఇరవై మూడేళ్ళ పరిచయం. నాకు తెలిసింది నేను చెబుతాను.

వయసులో ఉండగా రెండేళ్ళు ఏదో ట్యుటోరియల్లో లెక్కలు చెప్పాడట, అందుకని మాస్టారు. ఆ తర్వాత బతుకంతా సౌండ్ సర్వీసే. గుడివాడలో మూతపడిన రైసుమిల్లు గోడౌన్ ఒకటి అద్దెకి తీసుకుని అందులో ఆంప్లిఫైయర్లూ, మైకులూ, వైరు చుట్టలూ పెట్టుకున్నాడు. సువార్త సభలకీ, పెళ్ళిళ్ళకీ, క్రిస్మస్ కార్యక్రమాలకీ సౌండ్ పెట్టేవాడు. స్పీకర్లు కొనుక్కొచ్చేవాడు గానీ, వాటిని బిగించే పెట్టెలు మాత్రం నా చేత చేయించేవాడు. నేను మిషన్ వాళ్ళ వడ్రంగి స్కూల్లో పని నేర్చుకున్నవాణ్ణి. మంచాలు, తలుపులు, బడి బల్లలు చేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆయనొచ్చి నా షాపులో కాలు పెట్టిన రోజు నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

బస్సెక్కే ముందు రెండు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. బందరు బస్టాండులో దిగి మా షాపు దాకా నడిచొచ్చి, గుమ్మంలో నిలబడి, దూది తీసి చొక్కా జేబులో వేసుకుని, అప్పుడు "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేవాడు. అంతకుముందు నేను ఏం చెప్పినా లెక్కలోకి రాదు. దూది ఎందుకండీ అని ఒకసారి అడిగితే చెవి తమ్మెలు రెండూ పట్టుకుని, "మా నాన్న నాకు సెంటు భూమి ఇవ్వలేదోయ్. ఈ రెండూ ఇచ్చాడు. బస్సు హారన్లకి వీటిని తగలెయ్యమంటావా?" అన్నాడు. ఆ మాట ఎంతమందితో అన్నాడో లెక్కలేదు. ఆయనకి ఆస్తి అన్నా, పరువు అన్నా, గొప్ప అన్నా ఆ చెవులే. అందులో అబద్ధం కూడా లేదు. పది మైకులు ఒకేసారి మోగుతుంటే ఏ మైకు తీగ లూజుగా ఉందో కూర్చున్న చోటి నుంచి చెప్పేవాడు.

నేను చేసిన పెట్టెని బల్ల మీద పెట్టించి, కళ్ళు మూసుకుని, మధ్యవేలి కణుపుతో నాలుగు పక్కలా కొట్టి చూసేవాడు. డొల్లగా మోగిందా, అయిపోయిందే. "దీని గొంతు బాగాలేదు. పగలగొట్టు" అనేవాడు. నేనే పగలగొట్టాలి. నా సుత్తితో నేనే. సరిచేసి ఇస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. సరిచేస్తే నీకు బుద్ధి రాదు అనేవాడు. పక్కన సెలూన్ నడిపే అతను గిరాకీని సగం గడ్డంతో కుర్చీలో వదిలేసి, నురగ బ్రష్షు చేత్తో పట్టుకునే వచ్చి చూసేవాడు. ముక్కలు చేసేదాకా ఆయన బస్సుకి కదిలేవాడు కాదు. ముక్కలయ్యాక వంగి, ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టేవాడు. చూస్తే ఆ అతుకు దగ్గర వెంట్రుక మందాన జిగురు అందకుండా ఉండేది. ఏ రోజూ ఆయన తప్పు కాలేదు. నాకు అదే ఎక్కువ మంట. "నీకు చెయ్యి ఉంది, చెవి లేదు" అనేసి దూది పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

నోరు కూడా అలాంటిదే. పెద్ద పాస్టరు గారు ఒకాయన స్టేజీ దిగి వస్తుంటే ఎదురెళ్ళి, మీరు ముక్కుతో ప్రార్థన చేస్తున్నారండీ, దేవుడికేమో గానీ నా మైకుకి అర్థం కావడం లేదు అన్నాడట. పెళ్ళిలో పాట పాడ్డానికి వచ్చిన పెళ్ళికూతురి పిన్నిని, మీకు ఎవరమ్మా పాడతారని చెప్పింది అని అడిగాడట. క్వయర్ ఆడవాళ్ళు, ఆయన మైకుల శబ్దం పెంచీ తగ్గించే మిక్సర్ ముందు కూర్చున్నాడంటే మంచినీళ్ళు ఎక్కువ తాగేవాళ్ళు. ఇవన్నీ జనం నవ్వుతూ చెప్పుకునేవాళ్ళు. తమ మీదకి రానంతవరకూ ఎవరైనా నవ్వుతారు.

నా మీదకి వచ్చింది. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బందరులో మా గుళ్ళో క్రిస్మస్ కార్యక్రమానికి ఒక పాట ఇచ్చారు. నెలరోజులు ఇంట్లో అదే పాట. మా ఆవిడ లేసు పెట్టి తెల్ల గౌను కుట్టింది. పిల్ల స్టేజీ ఎక్కి, మైకు రెండు చేతులా పట్టుకుని మొదలుపెట్టింది. మొదటి చరణం వినిపించింది. తర్వాత కీబోర్డు వినిపిస్తోంది, పిల్ల గొంతు లేదు. పెదాలు కదులుతున్నాయి. మర్చిపోయిందేమో అని వెనక వరసలో ఎవరో అన్నారు, ఇంకెవరో నవ్వారు. దానికి తెలుస్తోంది తన గొంతు బయటికి రావడం లేదని. అయినా ఆపలేదు. చివరిదాకా పాడి, దణ్ణం పెట్టి దిగింది. నేను మిక్సర్ వైపు చూశాను. ఆయన వేలు ఒక బొత్తాం మీద ఉంది, ఆ బొత్తాం కిందికంటా లాగి ఉంది.

కార్యక్రమం అయ్యాక ఆయనే నా దగ్గరికి వచ్చాడు. నేను వెళ్ళి అడుగుదామనుకుంటూ అక్కడే నిలబడి ఉన్నాను. "పిల్ల శ్రుతి తప్పిందోయ్. నలుగురిలో నవ్వులపాలు కాకుండా కాపాడాను" అన్నాడు. నేను థాంక్సండీ అన్నాను. నిజంగా అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. మా అమ్మాయి ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేస్తోంది, పెళ్ళయింది, ఒక పిల్లాడు. ఆ రోజు తర్వాత అది పాడగా ఎవరూ వినలేదు. గుళ్ళో అందరూ లేచి పాడుతుంటే పుస్తకం తెరిచి పట్టుకుని పెదాలు మాత్రం కదుపుతుంది.

మరి ఆయన పని ఎందుకు మానెయ్యలేదూ అంటే, మానెయ్యలేకపోయాను. ఆయన పని కష్టంగా ఉండేది. మంచాలు చేసి చేసి చేతులు మొద్దుబారిపోయినవాడికి అలాంటి పని ఇంకెక్కడా దొరకదు.

నాలుగేళ్ళ కిందట విజయవాడలో ఏదో సభకి వెళ్ళి అక్కడ లైన్ అర్రే చూసొచ్చాడు. పెద్ద డబ్బాలు స్టేజీ పక్కన నేల మీద పేర్చేస్తే ముందు వరసల వాళ్ళకి గుండెలదురుతాయి, వెనకవాళ్ళకి మాట అందదు. అదే చిన్న పెట్టెల్ని ఒకదాని కింద ఒకటి తగిలించి, ఎత్తున ఇనప చట్రానికి అరటిగెలలా వేలాడదీస్తే ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ ఒకేలా వినిపిస్తుంది. అదీ సంగతి. బందరులో ఏటా జరిగే పెద్ద సువార్త కన్వెన్షనుకి అలాంటి సెట్టు హైదరాబాదు నుంచి లారీలో వచ్చేది. ఈయన కమిటీ దగ్గరికి వెళ్ళి, వచ్చే ఏడు హైదరాబాదు లారీ రానక్కర్లేదు, బందరులో చేసిన పెట్టెలు నేను కడతాను, బాగాలేకపోతే ఈ జిల్లాలో మళ్ళీ మైకు ముట్టుకోను అని మాటిచ్చి వచ్చాడు. పాత సామానంతా అమ్మేశాడు. ఫోనులో ఎవరో విదేశీయులు పెట్టిన కొలతలు చూసి, కాగితాల మీద గీసుకుని, ఆ కాగితాల కట్టతో నా షాపుకి వచ్చాడు. పదహారు పెట్టెలు కావాలన్నాడు.

ఎనిమిది నెలలు చేశాను. ముందు వైపు వెడల్పు, వెనక వైపు సన్నం. దేని వాలు రవ్వంత తేడా వచ్చినా వేలాడదీసినప్పుడు మొత్తం గెల పక్కకి ఒరుగుతుంది. ఒక్కో పెట్టెలో బరువు శబ్దానికి రెండు స్పీకర్లు, మధ్యలో సన్నని శబ్దానికి హారన్. ఆ హారన్ ముందు చెక్కని లోపలికి గిన్నెలా తొలచాలి, చేత్తో తడిమితే ఎక్కడా మెట్టు తగలకూడదు. మొదటి రెండు పగలగొట్టించాడు. మూడోది కొట్టి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. ఏమీ అనకపోవడమంటే బాగుందని. తర్వాత పదిహేనూ అలాగే. ఒక్కటీ పగలగొట్టించలేదు. ఆదివారం గుడి నుంచి వస్తూ షాపు తాళం తీసి, వరసగా పేర్చిన ఆ పెట్టెల్ని ఊరికే చూసి ఇంటికి వెళ్ళేవాణ్ణి. నేను నా జన్మలో చేసిన పనుల్లో అంత పని ఇంకోటి లేదు. అది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

రెండో నెలలోనో ఏమో, రంపం మిషన్ బేరింగ్ పోయింది. తిరుగుతుంటే కీచుమని ఒకటే అరుపు. నాకు పళ్ళు జివ్వుమన్నాయి. సెలూన్ అతను పరిగెత్తుకొచ్చి ఆపమన్నాడు. మాస్టారు మిషన్ పక్కనే నిలబడి కాగితం మీద లెక్క వేసుకుంటున్నాడు. తలెత్తలేదు. ఫ్యాను కిర్రుమంటేనే అన్నం మానేసే మనిషి. నేను మిషన్ ఆపి ఆయన మొహంలోకి చూశాను. ఏమైందోయ్, కరెంటు పోయిందా అన్నాడు.

ఆ రోజు నాకు అనుమానం. తర్వాత పరీక్ష పెట్టాను. పూర్తయిన పెట్టెలో పాట పెట్టించుకుని వినేటప్పుడు వెనక నుంచి హారన్ తీగ ఊడదీశాను. సన్నని శబ్దం మొత్తం పోయింది, పాట గోనెసంచిలోంచి వస్తున్నట్టు ఉంది. ఆయన కళ్ళు మూసుకుని విని తలూపాడు. తీగ తగిలించాను. తలూపాడు. మూడు రోజులు వరసగా అలా చేశాను. మూడు రోజులూ ఒకటే తలూపు. నాకు మొదట జాలేసిందని చెబితే అబద్ధం. కడుపు చల్లబడింది.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. చెప్పెయ్యి, పాపం, పెద్దవాడైపోయాడు, ఎవరైనా కుర్రాళ్ళ చేత సెట్ చేయించుకుంటాడు అంది. నిజమే. సభకి ఇంకా ఆర్నెల్లుంది. ఒక్క మాట చెబితే చాలు. చెవులున్నవాణ్ణి ఒకణ్ణి మిక్సర్ దగ్గర కూర్చోబెట్టుకుంటే ఆయన పరువు నిలబడేది, ఆ పెట్టెలు ఈ జిల్లా అంతా మోగేవి. నాకు చెవి లేదుగా, ఆయన చెవుల సంగతి నాకెలా తెలుస్తుంది అన్నాను. మా ఆవిడ నన్ను ఒకలా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

కన్వెన్షన్ మొదటి రోజు సాయంత్రం స్టేజీకి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది వేలాడాయి. ఒక్క అంగుళం ఒరగలేదు. జనం వచ్చి కింద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మైదానం మధ్యలో మిక్సర్ దగ్గర నిలబడ్డాడు. ఆయనకి సన్నని శబ్దం అందడం లేదు కాబట్టి, అందేదాకా పెంచుకుంటూ పోయాడు. క్వయర్ లేచి మొదటి పాట అందుకుంది. పాటలో 'స' అక్షరం వచ్చిన ప్రతిసారీ గాజు మీద మేకుతో గీసినట్టు ఉంది. చంటిపిల్లలు ఒకేసారి ఏడుపు అందుకున్నారు. ముసలివాళ్ళు కండువాలు చెవులకి చుట్టుకున్నారు. ముందు వరసల్లో చేతులు పైకి లేచాయి. చెవులు మూసుకోవడానికి లేచాయి. ఆయన దూరం నుంచి చూసి, జనం ఆరాధనలో చేతులెత్తుతున్నారనుకుని నా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, అంత ఆనందం ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

కమిటీ పెద్దాయన వచ్చి కాస్త తగ్గించండి మాస్టారూ, చెవులు చిల్లులు పడుతున్నాయి అన్నాడు. ఇన్నాళ్ళూ మీరు బురద విన్నారు, ఇవి నీళ్ళు, అలవాటు పడతారు అని ఈయన జవాబు. పెద్దాయన వెళ్ళి మళ్ళీ వచ్చాడు. మూడోసారి వచ్చేసరికి ముందు వరసలు ఖాళీ అయిపోయాయి. అప్పుడు మాస్టారు ఆ ఖాళీ కుర్చీల వైపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఒక శబ్దం గురించి నన్ను ఏనాడూ ఏమీ అడగని మనిషి, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పవోయ్. నీకెలా వినిపిస్తోంది?"

ఆయన కళ్ళల్లో భయం ఉంది. ఆయనకీ ఎక్కడో తెలుసు, ఎవరో ఒకరు గట్టిగా చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. బొత్తాం కొంచెం కిందికి లాగితే సరిపోయేది. నేనే లాగొచ్చు, నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"అద్దంలా ఉందండీ" అన్నాను.

ఆయన నా భుజం తట్టి వెళ్ళి, ఇంకొంచెం పెంచాడు. పావుగంటకి కమిటీవాళ్ళు కరెంటు తీసేశారు. పామిడిముక్కల వైపు నుంచి ఎవరిదో పాత మైకు సెట్టు తెప్పించి మిగతా సభ నడిపించారు. పదహారు పెట్టెలు మూడు రోజులూ చప్పుడు లేకుండా వేలాడాయి, విప్పడానికి కూడా ఎవరూ రాలేదు. మరుసటి ఏడాది హైదరాబాదు లారీ వచ్చింది.

ఆ తర్వాత ఆయన మైకు ముట్టుకోలేదు. మాట మీద నిలబడ్డాడు, అంతవరకూ చెప్పుకోవాలి. గుడివాడ బజార్లో ఆయన నడిచొస్తుంటే షాపుల వాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నవ్వేవాళ్ళు. కృష్ణా జిల్లా వాళ్ళకి చెవులు లేవని ఆయన అందరితో అనేవాడు. చెవులు ఎవరికి లేవో ఆయన మొహం మీద చెప్పినవాడు ఒక్కడూ లేడు. ముందు భయపడి చెప్పలేదు, తర్వాత సరదా పోతుందని చెప్పలేదు.

పెట్టెల్ని అల్లుడు అమ్మేశాడు. దివిసీమలో ఎవరో తీసుకున్నారని మాస్టారికి తెలుసు గానీ, దేనికో అల్లుడు ఆయనకి చెప్పలేదు, నాకు చెప్పాడు. పోయినేడాది ఒక రోజు మాస్టారు షాపుకి వచ్చి, ఒకసారి వాటిని చూసొద్దాం రమ్మన్నాడు. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, అవి ఏం చేస్తున్నాయో నాకు తెలుసు కాబట్టి. అవనిగడ్డ బస్సు, అక్కణ్ణించి నాగాయలంక. పులిగడ్డ వంతెన మీద ఆయన కిటికీలోంచి నదిని చూస్తూ, ఆ సెట్టుని తీసుకున్నాడంటే ఆ మనిషికి వినడం తెలుసోయ్ అన్నాడు. నేను అవునండీ అన్నాను.

కొన్నది రొయ్యల చెరువుల రైతు. మనిషి మర్యాదస్తుడు, కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చాడు. చెరువు గట్టు మీద వెదురు గుంజలకి నాలుగేసి పెట్టెలు కట్టి ఉన్నాయి. మీ పెట్టెలు బంగారమండీ, టపాకాయలకి కదలనివి, డబ్బాలు కొడితే కదలనివి, వీటికి మాత్రం ఒక్కటి ఆగదండీ అన్నాడు. ఏవి ఆగవు అని మాస్టారు అడిగాడు. కొంగలూ నీటికాకులండీ, రొయ్యపిల్లని మొత్తం తినేస్తున్నాయి, గద్ద కీచు అరుపు రికార్డింగు పెట్టి తోలుతున్నాం అన్నాడు రైతు. మాస్టారు బోండాం కింద పెట్టాడు. తర్వాత ఒకసారి వెయ్యమన్నాడు.

చెరువంతా పిట్టలే. రైతు షెడ్డులోకి వెళ్ళి స్విచ్చి వేశాడు. నేను రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. అయినా ఆ అరుపు తలలోకి దిగుతోంది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి, నీటికాకులు వాటి వెనక. మాస్టారు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏమయ్యా, వెయ్యవేం?" అని షెడ్డు వైపు కేకేశాడు.

రైతు బయటికొచ్చి, వేశానండీ, మోగుతోందిగా అన్నాడు. మాస్టారు రైతుని చూశాడు. పైన తిరుగుతున్న పిట్టల్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా వేళ్ళని చూశాడు. నేను గభాలున తియ్యొచ్చు. తియ్యలేదు. ఆయన బాగా చూసేదాకా ఉంచి, అప్పుడు తీశాను.

రైతు ఆపేశాక మాస్టారు నన్ను అడిగాడు.

"ఎప్పట్నించి?"

"పెట్టెలు మొదలెట్టిన రెండో నెల నించండీ. రంపం కీచుమంటుంటే మీరు పక్కనే నించున్నారు. హారన్ తీగ ఊడదీసి మూడు రోజులు చూశాను."

"మరి సభలో నిన్ను అడిగాను."

"అడిగారండీ. మీరు మా పిల్లని నవ్వులపాలు కాకుండా కాపాడారు కదండీ. నేనూ మిమ్మల్ని కాపాడాను."

ఆ 'కాపాడాను' అన్న మాట పదిహేనేళ్ళుగా నా నోట్లో ఉంది. అన్నాక ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఆయన కూలబడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. పిల్ల ఎవరో, ఏ రోజో గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు కనుబొమలు ముడిచాడు. గుర్తు రాలేదనుకుంటాను. గట్టు మీద నాలుగడుగులు వేసి, అందుబాటులో ఉన్న పెట్టె దగ్గర ఆగి, దాని అంచు మీద బొటనవేలు రాశాడు. ఉప్పుగాలికి అంచులు ఉబ్బి, ప్లైవుడ్ పొరలు విచ్చుకున్నాయి. హారన్ ముందు నేను చేత్తో తొలిచిన గిన్నె నల్లగా బూజు పట్టి ఉంది. వేలితో పొర ఒకటి లాగితే చిరిగి వచ్చేసింది. దాన్ని తెచ్చి, వెనకట్లాగే నా చేతిలో పెట్టాడు.

"నా చెవులు ముసలితనానికి పోయాయి. వాటిని నువ్వేం చెయ్యలేదు" అన్నాడు. కోపంగా అనలేదు, కొలత చెబుతున్నట్టు అన్నాడు. "నువ్వు పాడుచేసింది వీటిని. ఇంత పని నువ్వు మళ్ళీ చెయ్యలేవు. చేసినా అది ఎంత పనో చెప్పగలిగినవాడు ఇంకొకడు లేడు."

ఇరవై ఏళ్ళు దాటిన పరిచయంలో ఆయన నా పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ పెట్టెల్ని ఆదివారాలు తాళం తీసి చూసుకున్నవాణ్ణి, సభలో ఆ బొత్తాం నా చేతికి అందేంత దూరంలో ఉన్నవాణ్ణి, ఆ లెక్క నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

పిట్టలు మళ్ళీ దిగుతున్నాయండీ, వెయ్యనా అని రైతు మొహమాటంగా అడిగాడు. మాస్టారు వెయ్యమని చెయ్యి ఊపాడు. అరుపు మొదలైంది, నేను మళ్ళీ చెవులు మూసుకున్నాను. ఆయన ఆ పెట్టెల కిందుగా, ఏమీ జరగనట్టే, మామూలుగా నడుచుకుంటూ వెళ్ళాడు. గట్టు చివర ఆగి, నా వైపు తిరిగి ఇంకో మాట ఏదో అన్నాడు. పెదాలు కదలడం కనిపించింది. నేను వేళ్ళు తియ్యలేదు. తిరుగు బస్సులో బందరు దాకా పక్కపక్కనే కూర్చున్నాం, అదేమిటని అడగలేదు.